కురువిందానికి ముగ్గురు యజమానులు

పొద్దున్నే టీవీ పెడితే ఏదో ఒక చానెల్లో పట్టు కండువా వేసుకున్న పెద్దమనిషి కనిపిస్తాడు. ఫోన్ చేసినవాళ్లు పుట్టిన తేదీ, సమయం, ఊరు చెప్పడం పూర్తికాకముందే తీర్పు వచ్చేస్తుంది. రవి నీచలో ఉన్నాడు కాబట్టి కెంపు పెట్టాలి, ఉంగరపు వేలికి, ఆదివారం సూర్యోదయం వేళ. బుధుడికి పచ్చ, చిటికెన వేలికి. గురువుకు కనకపుష్యరాగం, చూపుడు వేలికి. శనికి నీలం, మధ్యవేలికి, అదీ ముందు మూడు రోజులు పరీక్షించి చూసుకున్నాకే. చివర్లో హెచ్చరిక: “జాతిరాయే కావాలమ్మా, మామూలు రాళ్లు పనిచెయ్యవు. ఐదు క్యారెట్లకు తగ్గకూడదు.” తెర కింద ఫోన్ నంబరు పరుగెడుతూ ఉంటుంది.

ఈ మాటను ఎవరో అమాయకులే నమ్ముతారనుకుంటే పొరపాటు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వేలికీ, సినిమా నిర్మాత వేలికీ, మంత్రిగారి వేలికీ అవే ఉంగరాలు. వాళ్ల వాదన కూడా బలంగానే వినిపిస్తుంది. ఇది వేల ఏళ్ల నాటి శాస్త్రమంటారు. ప్రతి గ్రహానికీ ప్రకృతే ఒక రాయిని కేటాయించిందంటారు. రాయి రంగు ఆ గ్రహకిరణాలను పట్టి ఒంటిలోకి పంపుతుందనీ, అందుకే మనిషి చేయి పడని సహజమైన రాయే కావాలనీ అంటారు. వినడానికి ముచ్చటగా ఉన్న ఈ మాటల్లో చరిత్ర ముందుగానీ, భూగర్భశాస్త్రం ముందుగానీ నిలబడేది ఒక్కటీ లేదు. పాత గ్రంథాలు సాక్ష్యానికి వచ్చినా తీర్పు ఉంగరానికి వ్యతిరేకంగానే వస్తుంది.

ముందు రాళ్ల సంగతే చూద్దాం. కెంపు, నీలం, కనకపుష్యరాగం వేరువేరు రాళ్లని జాతకం చెప్పేవాళ్లు అంటారు. ఖనిజంగా చూస్తే మూడూ ఒకటే. మూడూ కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడ్. ఒకే కాఠిన్యం, ఒకే స్ఫటిక నిర్మాణం, దాదాపు ఒకే సాంద్రత. శుద్ధమైన కురువిందానికి అసలు రంగే ఉండదు. అందులో క్రోమియం కొద్దిగా కలిస్తే ఎర్రబడుతుంది, ఇనుము, టైటానియం రెండూ కలిస్తే నీలమవుతుంది, ఇనుము ఒక్కటే తగుపాళ్లలో ఉంటే పసుపురంగు వస్తుంది. ఈ కలిసే సరుకు చాలా రాళ్లలో నూటికి ఒక పాలు కూడా ఉండదు. రాయిలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఉమ్మడి ఆస్తి, మిగిలిన ఒక్క పాలు దగ్గర రవి, గురువు, శని వాటాలు పంచుకున్నారన్నమాట.

ఇక్కడే అసలు చిక్కు. జ్యోతిషం ప్రకారం రవికీ శనికీ పడదు, తండ్రీకొడుకులైనా బద్ధవైరం. అందుకే కెంపునూ నీలాన్నీ ఒకే మనిషి పెట్టుకోకూడదని గట్టిగా చెబుతారు. మరి మయన్మార్‌లోని మోంగ్ సూ అనే చోట 1990ల మొదట్లో బయటపడ్డ కెంపుల మాటేమిటి? ఆ స్ఫటికాలను అడ్డంగా కోస్తే అంచులు ఎర్రగా, నడిబొడ్డు నీలంగా కనిపించేవి. ప్రకృతే శనిని రవి కడుపులో పెట్టి పుట్టించింది. వ్యాపారులు వాటిని కొలిమిలో వేసి బాగా కాల్చారు, నీలం కరిగిపోయి రాయంతా ఎర్రబడింది. ఆ తరువాత ప్రపంచ మార్కెట్లోకి వరదలా వచ్చిన కెంపుల్లో ఎక్కువభాగం అవే. వాటిలో కొన్ని మన ఊళ్లలో ఆదివారం సూర్యోదయం వేళ ఎవరి వేలికో ఎక్కే ఉంటాయి.

ఎరుపు ఎక్కడ ఆగి గులాబి ఎక్కడ మొదలవుతుందన్నది ఇంకో తగాదా. ముదురుగా ఉంటే కెంపు, లేతగా ఉంటే గులాబి నీలం అని పరీక్షశాలలు రాస్తాయి. ఆ గీత ఎక్కడ గీయాలన్నదానిపై రత్న వ్యాపారులకే ఏకాభిప్రాయం లేదు. ఒకే రాయి ఒక ల్యాబ్‌లో కెంపుగా, మరో ల్యాబ్‌లో గులాబి నీలంగా సర్టిఫికెట్ తెచ్చుకోగలదు. ల్యాబ్ మారితే గ్రహం కూడా మారుతుందా?

కెంపు పేరు మీద చెల్లిన రాళ్లన్నీ కెంపులేనా అంటే అదీ కాదు. బ్రిటిష్ రాజకిరీటం ముందు భాగంలో కోడిగుడ్డంత ఎర్రరాయి ఒకటి ఉంది. దాని పేరు బ్లాక్ ప్రిన్స్ రూబీ, బరువు 170 క్యారెట్ల దాకా. 1367లో స్పెయిన్‌లోని కాస్టీల్ రాజు పెడ్రో నుంచి ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్ చేతికి వచ్చిందని చెబుతారు. తరతరాలు దాన్ని కెంపుగానే పూజించాయి, చివరికి తేలింది అది స్పినెల్ అని. స్పినెల్‌లో అల్యూమినియంతోపాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. కెంపుకన్నా మెత్తన, కెంపుకన్నా తేలిక. తైమూర్ రూబీ కథ ఇంకా చిత్రం. 352 క్యారెట్ల పైచిలుకు ఉన్న ఆ రాయి మీద జహంగీర్ మొదలు అహ్మద్ షా దురానీ దాకా పాదుషాల పేర్లు చెక్కి ఉన్నాయి. పంజాబ్ ఆంగ్లేయుల వశమయ్యాక 1851లో విక్టోరియా రాణికి చేరింది. అదీ స్పినెలే. పైగా అది తైమూర్ చేతికి ఎన్నడూ రాలేదని పరిశోధకులు తేల్చారు. అంటే పేరులో ఉన్న రెండు మాటలూ అబద్ధమే.

మొగలాయీలు మోసపోయారనడం మాత్రం అన్యాయం. బదక్షాన్ గనుల నుంచి వచ్చే ఈ ఎర్రరాళ్లను వాళ్లు లాల్ అన్నారు, కెంపును యాకూత్ అన్నారు, రెండూ వేరని వాళ్లకు తెలుసు. అయినా లాల్‌నే ఎక్కువ మోజుపడి కొన్నారు. పదకొండో శతాబ్దంలోనే అల్ బిరూనీ రాళ్లను నీటిలో తూచి లాల్ యాకూత్‌కన్నా తేలికని లెక్కగట్టాడు. ఎర్ర, పసుపు, నీలి యాకూత్‌లు మూడూ ఒకే కుటుంబమని అరబ్బు రత్నశాస్త్రాలు అప్పుడే గుర్తించాయి. ఐరోపాలో రోమె ద లీల్ అనే ఫ్రెంచి ఖనిజశాస్త్రవేత్త 1783లో స్పినెల్‌ను కెంపు నుంచి విడదీశాడు. గజనీ కొలువులో వెయ్యేళ్ల కిందట అల్ బిరూనీ తక్కెడ పట్టుకుని కనిపెట్టిన బంధుత్వం టీవీ స్టూడియో దాకా ఇంకా చేరలేదు.

ఇక వేల ఏళ్ల శాస్త్రం అన్న మాట. గ్రంథాలు ఉన్నాయి, అవి గొప్పవి కూడా. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఖజానాకు చేర్చదగిన రత్నాల పరీక్షకు ఒక అధ్యాయమే ఉంది. ముత్యాలు ఎక్కడివి, మణులు ఎక్కడివి, ఏవి మంచివి, ఏవి దోషం ఉన్నవి అని కోశాధికారికి చెప్పే అధ్యాయం అది. అందులో రత్నమంటే రాజ్యాదాయం. ఏ గ్రహం పీడిస్తే ఏ రాయి పెట్టుకోవాలన్న ఊసు లేదు.

వరాహమిహిరుడి సాక్ష్యం ఇంకా బలమైనది. ఆరో శతాబ్దంవాడు, జ్యోతిషానికే పెద్దదిక్కు. బృహత్సంహితలో వజ్రం, ముత్యం, పద్మరాగం, మరకతం గురించి విడివిడిగా అధ్యాయాలు రాశాడు. మంచి రత్నం రాజుకు మేలు చేస్తుందనీ, దోషమున్న రత్నం కీడు చేస్తుందనీ ఆయనా నమ్మాడు, అందులో దాపరికం లేదు. కానీ తొమ్మిది రాళ్లనూ తొమ్మిది గ్రహాలకు జతకట్టిన పట్టిక ఆ అధ్యాయాల్లో లేదు. జాతకాల మీద ఆయనే రాసిన బృహజ్జాతకంలో గ్రహాలకు ద్రవ్యాలు చెప్పాడు: రవికి రాగి, కుజుడికి బంగారం, గురువుకు వెండి, శనికి ఇనుము. ముత్యాన్ని ఇచ్చింది శుక్రుడికి. ఇవాళ చంద్రదోషమని ముత్యం పెట్టుకున్నవాళ్లు వరాహమిహిరుడి లెక్క ప్రకారం శుక్రుడి సరుకును చంద్రుడికి చెల్లిస్తున్నారు. మాణిక్యం రవికి, ముత్యం చంద్రుడికి అంటూ ఇప్పుడు చలామణిలో ఉన్న వరుస జాతకపారిజాతం వంటి తరువాతి గ్రంథాల్లో స్పష్టంగా కనబడుతుంది. సంప్రదాయం మారకూడదని ఎవరూ అనరు. మారినదాన్ని సనాతనమని అమ్మడమే అభ్యంతరం.

గ్రహశాంతి అనే మాటకు పాత ఆధారం కావాలంటే యాజ్ఞవల్క్య స్మృతి తెరవాలి. గ్రహాల ప్రతిమలు దేనితో చెయ్యాలో అందులో ఉంది: రాగి, స్ఫటికం, ఎర్రచందనం, బంగారం, వెండి, ఇనుము, సీసం, కంచు. దానాలు ఉన్నాయి: ఆవు, శంఖం, ఎద్దు, బంగారం, వస్త్రం, గుర్రం, నల్లావు, ఇనుము, మేక. హోమానికి సమిధలున్నాయి: జిల్లేడు, మోదుగ, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ. నవగ్రహ హోమం చేసే పురోహితులు ఇప్పటికీ ఇవే తెప్పిస్తారు. ఈ జాబితా మొత్తంలో వేలికి రాయి పెట్టుకోమన్న విధి ఒక్కటీ లేదు. రవికి జిల్లేడు పుల్ల చాలునన్నాడు ఆ స్మృతికర్త. జిల్లేడు ప్రతి ఊరి పొలిమేరలో ఊరికే పెరుగుతుంది, దానికి షోరూము పెట్టి లాభం లేదు. పరిహారం పొలిమేర నుంచి నగల దుకాణానికి ఎందుకు మారిందో అర్థం చేసుకోవడానికి జ్యోతిషం చదవక్కర్లేదు.

పోనీ రత్నశాస్త్రాలనే పూర్తిగా పాటిద్దామంటే ఇంకో ఇబ్బంది ఉంది. బుద్ధభట్టుడి రత్నపరీక్ష, గరుడపురాణంలోని రత్నాధ్యాయాలు రాళ్లను వర్ణాలవారీగా పంచాయి. తెల్లని వజ్రం బ్రాహ్మణుడికి, ఎర్రఛాయ ఉన్నది క్షత్రియుడికి, పసుపుఛాయది వైశ్యుడికి, కత్తిరంగులో నల్లగా మెరిసేది శూద్రుడికి. గ్రంథాన్ని బట్టి ఛాయలు కొంచెం అటూఇటూ అవుతాయి గాని పంపకం మాత్రం ఖాయం. ఇవాళ ఏ జ్యోతిష్కుడూ ఫోన్లో కులం అడిగి రాయి చెప్పడు, చెప్పకూడదు కూడా. మంచిదే. అయితే శాస్త్రంలో నచ్చని శ్లోకాన్ని పక్కనపెట్టే స్వేచ్ఛ తనకు ఉందనుకున్నవాడు, కొనేవాడు సందేహిస్తే మాత్రం “శాస్త్రాన్నే కాదంటావా?” అని కళ్లెర్ర చెయ్యడం ఎక్కడి న్యాయం?

ఆ గ్రంథాల్లోనే రత్నాల పుట్టుక కథ కూడా ఉంది. బలాసురుడు యజ్ఞపశువై ప్రాణం వదిలితే అతని ఎముకలు వజ్రాలయ్యాయి, పళ్లు ముత్యాలయ్యాయి, నెత్తురు కెంపులయింది, పిత్తం పచ్చలయింది, కళ్లు నీలాలయ్యాయి. అద్భుతమైన కథ, కవిత్వంగా దానికి వంక పెట్టలేం. రత్నశాస్త్రకారులు కూడా కథను కథగా చెప్పి, ఆ వెంటనే గీతలు, మరకలు, పగుళ్లు, నకిలీలు ఎలా పట్టుకోవాలో పుటలకు పుటలు రాశారు. వజ్రాన్ని వజ్రమే గీయగలదని వాళ్లకు తెలుసు. వాళ్లు పరీక్షకులు. వాళ్ల వారసులమని చెప్పుకునేవాళ్లు మాత్రం కథను పట్టుకుని పరీక్షను వదిలేశారు.

పేర్ల గందరగోళం సరేసరి. కేతువుకు వైడూర్యమని ఇప్పుడు ఇస్తున్నది క్రిసోబెరిల్, పిల్లికన్నులా నిలువు వెలుగుగీత ఉన్న రాయి. ప్రాచీన వాఙ్మయంలోని వైడూర్యం చాలాచోట్ల బెరిల్ అనీ, తమిళనాడు కొంగునాట పడియూర్ వంటి చోట్ల తవ్వి రోము దాకా ఎగుమతి చేసిన లేత సముద్రపు రంగు రాయి అదేననీ పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. బెరిల్‌కూ క్రిసోబెరిల్‌కూ పేరులోనే పోలిక, ఖనిజాలుగా వేరు. రోమన్ రచయిత ప్లినీ, మంచి బెరిల్‌లు ఇండియావేనని రాసి, స్ఫటికానికి రంగు వేసి దొంగ బెరిల్‌లు తయారుచెయ్యడంలోనూ ఇండియావాళ్లే సిద్ధహస్తులని అదే చోట చురక వేశాడు. అంటే రెండువేల ఏళ్ల కిందటే అసలు, నకిలీ ఒకే ఓడ ఎక్కాయి.

పచ్చల కథ అట్లాంటిక్ దాటుతుంది. మన సంస్థానాల ఖజానాల్లో వెలిగిన పెద్ద పెద్ద పచ్చల్లో అత్యధికభాగం దక్షిణ అమెరికావి. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు కొలంబియాలోని చివోర్, ముజో గనులను ఆక్రమించుకున్నాక ఆ సరుకు ఐరోపా మీదుగా గోవాకు, అక్కడి నుంచి మొగల్, దక్కన్ దర్బారులకు చేరింది. ఇక్కడి రత్నవ్యాపారులు మాత్రం చాలాకాలం వీటిని పాతగని పచ్చలన్నారు, ఎప్పుడో మరుగునపడ్డ తూర్పుదేశపు గనులవని నమ్మారు. 2000లో ఫ్రెంచి శాస్త్రవేత్తల బృందం నిజాం ఖజానాకు చెందిన కొన్ని పాతగని పచ్చల్లోని ఆక్సిజన్ ఐసోటోపులను కొలిచి సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఎక్కువ రాళ్లు కొలంబియావే అని తేలింది. వరాహమిహిరుడు మరకతం గురించి రాసేనాటికి ఆ రాళ్లు ఉన్న ఖండం ఉందనే ఇక్కడ ఎవరికీ తెలియదు. ఆయన చెప్పిన మరకతం, హైదరాబాద్ నవాబుల మెడలోని మరకతం ఒక గనివి కావు, ఒక ఖండానివీ కావు.

ఇప్పుడు కిరణాల వాదం. రాయి రంగు గ్రహకాంతిని వడగట్టి చర్మంలోకి పంపుతుందట, అందుకే ఉంగరం అడుగు తెరిచి ఉండి రాయి ఒంటికి తగలాలట. నవరత్నాల్లో ముత్యం, పగడం అసలు రాళ్లే కావు, ప్రాణుల నుంచి పుట్టినవి. పగడంలో నుంచి వెలుతురు ఎటూ పోదు. మరి కుజకిరణాలు ఏ దారిన వస్తాయి? మన అమ్మమ్మల కెంపుల అడ్డిగలు, కాసులపేరు పతకాలు, దేవుడి నగలు అన్నీ అడుగు మూసిన కట్టడమే. రాయి కింద మెరుపు రేకు పెట్టి చుట్టూ బంగారం నొక్కేవారు. రాయికి రంగు ఎక్కి కనబడటానికి కంసాలి చేసిన ఉపాయం అది. రాయి ఒంటికి తగలాలన్న నియమం నిజంగా సనాతనమైతే ఆ పాత కంసాలులకు తెలియకుండా ఉంటుందా?

ఇంకో సంగతి. కెంపుకు ఎరుపు ఇచ్చేదీ క్రోమియమే, పచ్చకు ఆకుపచ్చ ఇచ్చేదీ క్రోమియమే. చుట్టూ ఉన్న స్ఫటికం క్రోమియం పరమాణువులను ఎంత బిగించి పట్టుకుందన్నదాన్ని బట్టి ఒకచోట ఎరుపు, ఒకచోట పచ్చ. అలెగ్జాండ్రైట్‌లో ఈ బిగింపు సరిగ్గా రెంటికీ మధ్యలో ఉంటుంది. పగటి వెలుగులో పచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనబడుతుంది. 1830లలో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో అది బయటపడింది. మన విశాఖ మన్యంలోనూ దొరుకుతుంది. పగలు బుధుడు, రాత్రి రవి అని దాన్ని పంచుదామంటే జాబితాలు కట్టినవాళ్లకు ఆ రాయి తెలియదు. ప్రపంచంలోని అతి వింత రాళ్లలో ఒకదానికి నవగ్రహాల్లో అడ్రసు లేదు.

రంగే శక్తి అయితే ల్యాబ్‌లో పెంచిన కెంపు సరిపోవాలి కదా! అగస్టు వెర్నుయ్ అనే ఫ్రెంచి రసాయనవేత్త అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపును పెంచే పద్ధతిని 1902లో ప్రకటించాడు. అదే రసాయనం, అదే స్ఫటికం, అదే క్రోమియం, అదే ఎరుపు. 1960లో థియొడోర్ మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజర్ కిరణం అలాంటి కృత్రిమ కెంపు కడ్డీలోంచే వచ్చింది. కెంపులోంచి నిజంగా శక్తిమంతమైన కిరణం వచ్చేది అలాంటి లేజర్లలోనే, దానికి కారణం రవి కాదు, పక్కనే చుట్టిన ఫ్లాష్ దీపం. దీనికి జవాబుగా “అది మనిషి చేసింది, పనిచెయ్యదు” అంటారు. అన్నారంటే రంగు సిద్ధాంతాన్ని వాళ్లంతట వాళ్లే వదులుకున్నట్టు. మిగిలింది సహజత్వం ఒక్కటి.

ఆ సహజత్వం సంగతీ చూడాలి. శ్రీలంకలో గ్యూడా అనే పాలరంగు కురువిందం దొరికేది. ఒకప్పుడు దానికి విలువే లేదు. 1970లలో థాయ్ వ్యాపారులు దాన్ని చవకగా కొని 1,600 డిగ్రీల ప్రాంతంలో కాలిస్తే, లోపలున్న టైటానియం పోచలు కరిగి రాయిలో కలిసిపోయి నీలం పుట్టింది. ఆ తరువాత కొలిమి ఎక్కని నీలాలు, కెంపులు అరుదైపోయాయి. 2000 దాటాక బెరీలియం పట్టించి పసుపు, నారింజ రంగులు తెచ్చే పద్ధతి వచ్చింది. దాని తరువాత పగుళ్లతో నిండిన నాసిరకం కెంపుల్లో సీసపు గాజు నింపడం మొదలైంది. పచ్చల పగుళ్లలో దేవదారు నూనె పోయడం ఎప్పటినుంచో ఉన్నదే. చవగ్గా వచ్చే నీలి టోపాజ్ రంగు లేని రాయికి రేడియేషన్ ఇచ్చి కాల్చినది. దుకాణంలో సిట్రిన్ పేరుతో దొరికే పసుపు రాయి చాలాసార్లు కాల్చిన అమెథిస్ట్.

కాల్చడం నేరం కాదు, దాచడమే నేరం. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద కాల్చని నీలాన్ని పెడితే లోపల సన్నని సూదులు అరవై డిగ్రీల కోణంలో ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని పట్టుదారంలా మెరుస్తాయి. బాగా కాల్చిన రాయిలో ఆ సూదులు తెగి చుక్కలుగా మిగులుతాయి, లేదా మాయమవుతాయి. వెర్నుయ్ పద్ధతిలో పెంచిన కెంపులో గీతలు వంపు తిరిగి ఉంటాయి, ప్రకృతి కెంపులో నిటారుగా కోణాలు కట్టి ఉంటాయి. సీసపు గాజు నింపిన కెంపును అటూఇటూ తిప్పితే పగుళ్ల వెంట నీలి మెరుపు, గాలిబుడగలు కనిపిస్తాయి. అలాంటి కెంపు నిమ్మరసంలో నానితే గాజు కొరుకుడుపడి పగుళ్లు బయటపడతాయి. ఉంగరంతో నిమ్మకాయలు పిండే ఇల్లాలికి రవి అనుగ్రహం తగ్గిందేమోనన్న అనుమానం వస్తే తప్పు జాతకానిది కాదు.

ముత్యాల దగ్గర మరీ వింత. హైదరాబాద్ ముత్యాల పేరు ప్రపంచమంతా ఉంది గాని హైదరాబాద్‌కు సముద్రం లేదు. ఒకప్పుడు సరుకు బస్రా వైపు నుంచి వచ్చేది, ఇప్పుడు ఎక్కువభాగం చైనా మంచినీటి చెరువుల నుంచి వస్తోంది. మికిమోతో అనే వ్యాపారి జపాన్‌లో 1893లో పెంపుడు ముత్యం తీసి చూపించాక సహజ ముత్యం మార్కెట్లోంచి దాదాపు తప్పుకుంది. ల్యాబ్ కెంపు పనిచెయ్యదని చెప్పే నోరే చెరువులో పెంచిన ముత్యాన్ని చంద్రుడికి కట్టబెడుతుంది. ఇదేం లెక్కో వాళ్లే చెప్పాలి.

“నీలం మాత్రం పవర్‌ఫుల్, పడకపోతే కొంప ముంచుతుంది” అన్న భయం చదువుకున్నవాళ్లలోనూ పోలేదు. మూడు రోజులు తలగడ కింద పెట్టుకుని కలలు చూసుకోమంటారు. ఆ మూడు రోజుల్లో బండి పంచరైనా, పిల్లాడికి జ్వరమొచ్చినా రాయి పడలేదంటారు. ఏమీ కాకపోతే పడిందంటారు. ఎటు తిరిగినా సిద్ధాంతానికి ఢోకా లేదు. అలాంటి పరీక్షను పరీక్ష అనరు.

శపించిన రాళ్ల కథలు ఎలా పుడతాయో చూడాలంటే లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకు వెళ్లాలి. అక్కడ ఢిల్లీ పర్పుల్ సఫైర్ అనే రాయి ఉంది. 1857లో కాన్పూర్‌లోని ఇంద్రుడి గుడి నుంచి దోచుకెళ్లారనీ, అది చేరిన ప్రతి ఇంటినీ నాశనం చేసిందనీ దాని యజమాని ఎడ్వర్డ్ హెరాన్ అలెన్ 1904లో ఉత్తరం రాసి, ఒకదానిలో ఒకటి పెట్టిన ఏడు పెట్టెల్లో దాన్ని దాచాడు. ఆ రాయి అసలు నీలమే కాదు, అమెథిస్ట్, అంటే ఊదారంగు స్ఫటికం. అలెన్‌గారు మారుపేరుతో కథలు రాసే రచయిత, 1921లో ఇదే రాయి పేరుతో ఒక కథా ప్రచురించాడు. ఉత్తరం ఆ కథకు ముందస్తు ప్రచారమేమోనని మ్యూజియంవాళ్ల అనుమానం.

మన కొల్లూరు గనిదని భావించే నీలి వజ్రం, హోప్ డైమండ్, దీనికి పెద్దన్న. దాన్ని ఫ్రాన్సుకు తీసుకెళ్లిన వ్యాపారి తావెర్నియేను శాపం తగిలి కుక్కలు పీక్కుతిన్నాయని ప్రచారం. నిజానికి ఆయన ఎనభై దాటేదాకా బతికి 1689లో మాస్కోలో పోయాడు. ఆ వజ్రపు నీలిరంగుకు కారణం అందులో కలిసిన కాస్త బోరాన్.

ఈ మోజు మనకొక్కరికే ఉందని నొచ్చుకోనక్కర్లేదు. పుట్టిన నెలకో రాయి అని పాశ్చాత్యులు పాటించే జాబితాను 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం కాన్సస్‌లో సమావేశమై స్థిరపరిచింది. టాంజానియాలో 1967లో దొరికిన టాంజనైట్‌ను 2002లో డిసెంబరు నెలకు చేర్చారు. దొరికిన ముప్పై అయిదేళ్లకు ఒక రాయి కోట్లమంది పుట్టుకకు సంబంధించినదైపోయింది. అక్కడ కనీసం జాబితా ఎవరు చేశారో దాచలేదు.

చివరికి మిగిలే వాదన, “నమ్మకమే కదా, ఎవరికేం నష్టం?” అన్నది. నష్టం ముందు కొనేవాళ్లకే. ధర క్యారెట్‌తో పాటు సమానంగా పెరగదు. మంచి కెంపు పెద్దదయ్యేకొద్దీ ఒక్కో క్యారెట్ ధర కూడా పెరుగుతుంది. ఐదు క్యారెట్లకు తగ్గని కాల్చని మేలిరకం కెంపు మధ్యతరగతివాళ్ల జీతాలకు అందేది కాదు. కాబట్టి వాళ్ల వేలికి వచ్చేది దాదాపు ఎప్పుడూ గాజు నింపినదో, కాల్చినదో, రంగు వేసినదో. అసాధ్యమైన షరతు పెట్టడమే మోసానికి తలుపు తీయడం. జబ్బు చేసినవాళ్ల విషయంలో ఇది ఇంకా ఘోరం. మాంత్రిక నివారణలతో జబ్బులు నయమవుతాయని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. తాయెత్తు, మంత్రం, కవచంతో పాటు మహిమ ఉందని చెప్పే ఏ వస్తువైనా దాని కిందికి వస్తుంది. మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు వెయ్యొచ్చు. రాయి పెట్టుకుంటే మధుమేహం తగ్గుతుందనీ, సంతానం కలుగుతుందనీ తెర మీద చెప్పేవాళ్లకు ఆ చట్టం ఉందన్న సంగతే గుర్తుండదు, గుర్తుచేసే అధికారులూ అరుదు.

రెండో నష్టం తవ్వేవాళ్లది. గొలుగొండ మండలం కరక కొండల్లో రంగురాళ్ల కోసం దొంగతనంగా తవ్వే సొరంగాలు కూలి కూలీలు మట్టిలో కలిసిన వార్తలు పలుమార్లు వచ్చాయి. రాయి ఏ ఊరిదో, ఎవరు తవ్వారో చెప్పే కాగితం అలాంటి రాళ్లతో రాదు. కాల్చలేదని సర్టిఫికెట్ అడిగేవాళ్లు ఎవరి ప్రాణం పోయిందని మాత్రం అడగరు.

రంగురాళ్లకు ఈ నేలలో నిజమైన గౌరవం కావాలంటే కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట వైపు చూడాలి. అక్కడ ఎర్రని గార్నెట్ దొరుకుతుంది. నవరత్నాల్లో దానికి చోటు లేదు, దాని దగ్గరి బంధువు గోమేధికానికి మాత్రం రాహువు దొరికాడు. పుదుచ్చేరి పక్కన ఆరికమేడు తవ్వకాల్లో బయటపడిన పురాతన గార్నెట్ పూసలను శాస్త్రవేత్తలు గరీబ్‌పేట రాళ్లతో పోల్చిచూశారు. రసాయన పాళ్లు కలిశాయి. స్ఫటికాల లోపల చిక్కుకున్న సన్నని సిల్లిమనైట్ పోచలు, అవి అంచుల్లో గుమిగూడిన తీరు కూడా కలిశాయి. తెలంగాణ గుట్ట మీది రాయి తూర్పు తీరంలోని రేవుకు చేరి పూసై, అక్కడి నుంచి సముద్ర వర్తకంలో కలిసిందని ఆ పోచలే చెప్పాయి. గరీబ్‌పేట గార్నెట్‌ను ఏ జాతకానికీ రాయరు కాబట్టి, దాన్ని కొనేవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా దాని రంగు చూసే కొంటారు.